తుప్పు పట్టు విడిస్తే: బెంగాల్ బోరునీటిలోకి ఆర్సెనిక్ ఎలా వచ్చింది

బంగ్లాదేశ్‌లోనో, పశ్చిమ బెంగాల్‌లోని నదియా జిల్లాలోనో ఒక పల్లెలో చేతిపంపు కొట్టి గాజుగ్లాసులో నీళ్లు పడితే, మొదట అవి తేటగా, చల్లగా, ఏ వాసనా లేకుండా ఉంటాయి. ఆ గ్లాసును ఒక మూల పెట్టి వదిలేస్తే కొంతసేపటికి నీటిలో పసుపు జీర కనిపిస్తుంది. మర్నాటికి అడుగున ఇటుకపొడి లాంటి ఎర్రటి మడ్డి పేరుకుంటుంది. పంపు చుట్టూ ఉన్న సిమెంటు గచ్చు కూడా ఏళ్ల తరబడి ఆ నీళ్లు పడిపడి తుప్పురంగుకు తిరిగి ఉంటుంది. ఆ మడ్డి ఇనుము. గాలి చొరని లోతుల్లో కరిగి ఉన్న ఇనుము పైకి వచ్చి గాలి తగలగానే మళ్లీ తుప్పుగా మారుతుంది. ఇనుము వల్ల పెద్ద ప్రమాదం లేదు. అయితే అది నేల అడుగున కరిగిందంటే, అంతవరకూ దాన్ని అంటిపెట్టుకుని ఉన్న ఆర్సెనిక్ కూడా జారిపోయి ఉండవచ్చు. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. నీళ్లు కాస్తే పోదు సరికదా, ఆవిరైన మేరకు మరింత చిక్కబడుతుంది.

తెలుగువారికి ఆర్సెనిక్ కొత్త పదార్థమేమీ కాదు. తెల్లపాషాణం అంటే ఆర్సెనిక్ ఆక్సైడే. వైద్యులు శుద్ధి చేసి వాడే పసుపుపచ్చని హరిదళం, ఎర్రని మణిశిల రెండూ ఆర్సెనిక్, గంధకం కలిసిన ఖనిజాలు. పాషాణం అనగానే ఎవరో ఎవరికో పెట్టిన విషమే మనసులో మెదులుతుంది. బెంగాల్ నీటిలోని విషాన్ని మాత్రం ఎవరూ పెట్టలేదు. అది ఏ కర్మాగారం నుంచీ రాలేదు. అక్కడి మట్టిలో ఆర్సెనిక్ అసాధారణంగా ఎక్కువేమీ లేదు. ఈ సమస్యలో మొట్టమొదట అర్థం చేసుకోవలసిన సంగతి ఇదే. సాధారణమైన మట్టి, సాధారణమైన బ్యాక్టీరియా, సాధారణమైన తుప్పు కలిసి కోట్లమంది తాగే నీటిని పాడుచేశాయి.

1970ల నాటికి బంగ్లాదేశ్ పల్లెలు చెరువుల, కుంటల నీళ్లు తాగేవి. ఆ నీటి వెంట అతిసారం, కలరా వచ్చి ఏటా అసంఖ్యాకంగా పసిపిల్లలను తీసుకుపోయేవి. ప్రభుత్వమూ యూనిసెఫ్ కలిసి చేతిపంపుల కార్యక్రమం చేపట్టాయి. ఇసుక పొరల్లో వడకట్టుకున్న నీళ్లు రోగక్రిములు లేకుండా వస్తాయన్నది వారి ఆలోచన. ఆ ఆలోచన తప్పు కాదు. మెత్తటి ఒండ్రుమట్టిలో గొట్టం దించడం సులువు, ఖర్చు తక్కువ. కొద్ది దశాబ్దాలకే ఇళ్లవాళ్లు సొంత డబ్బుతో వేయించుకున్నవి కూడా కలిపి పంపులు లక్షలు దాటాయి. ఆ నీటిని ఆర్సెనిక్ కోసం పరీక్షించాలన్న ఊహ అప్పట్లో ఎవరికీ రాలేదు. ఒండ్రునేలల్లో అది ఉంటుందని అనుకోవడానికి ఆనాటి శాస్త్రంలో ఆధారం కూడా అంతంత మాత్రమే.

1983లో కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో చర్మవైద్యుడు కె.సి. సాహా వద్దకు పల్లెల నుంచి కొందరు రోగులు వచ్చారు. వారి ఛాతీ మీద, వీపు మీద దుమ్ములో వానచినుకులు పడినట్లు మచ్చలున్నాయి. అరచేతులు, అరికాళ్లు మొద్దుబారి, గట్టి బుడిపెలు లేచాయి. అది ఆర్సెనిక్ పని అని ఆయన గుర్తించారు. తర్వాత జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో దీపాంకర్ చక్రవర్తి బృందం పల్లె పల్లె తిరిగి వేలాది నీటి నమూనాలు పరీక్షించి ఈ విషయాన్ని ప్రపంచం ముందు పెట్టింది. బంగ్లాదేశ్‌లో 1993లో నవాబ్‌గంజ్ ప్రాంతపు బావుల్లో ఆర్సెనిక్ ఉన్నట్లు తేలింది. 1998-99లో బ్రిటిష్ జియలాజికల్ సర్వే, బంగ్లాదేశ్ ప్రజారోగ్య ఇంజినీరింగ్ శాఖ కలిసి దేశవ్యాప్తంగా సుమారు 3,500 నమూనాలు తీశాయి. 150 మీటర్ల లోపు బావుల్లో దాదాపు సగం ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన లీటరుకు 10 మైక్రోగ్రాముల హద్దును దాటాయి. నాలుగో వంతు కంటే ఎక్కువ బావులు బంగ్లాదేశ్ సొంత పరిమితి అయిన 50 మైక్రోగ్రాములను కూడా దాటాయి. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చిన వ్యాసం దీన్ని చరిత్రలోనే అతి పెద్ద సామూహిక విషప్రయోగంగా వర్ణించింది. చర్మపు మచ్చలు దీని పైరూపం మాత్రమే. ఏళ్ల తరబడి తాగితే చర్మానికి, ఊపిరితిత్తులకు, మూత్రాశయానికి క్యాన్సర్ వస్తుంది, గుండె దెబ్బతింటుంది. మచ్చలను కుష్ఠు అనుకుని మనుషులను దూరం పెట్టడం, ఆడపిల్లలకు పెళ్లిళ్లు కాకపోవడం ఆ పల్లెలు పడిన మరో బాధ.

లీటరుకు 10 మైక్రోగ్రాములంటే ఎంత? లక్ష లీటర్ల నీటిలో ఒక్క గ్రాము. పదివేల లీటర్లు పట్టే ట్యాంకర్లు పది వరసగా నిలబెట్టి, మొత్తం మీద ఒక్క గ్రాము కలిపితే హద్దుకు చేరినట్లే. ఈ లెక్క గుర్తుంచుకుంటే, మట్టిలో ఎక్కువ ఆర్సెనిక్ లేకపోయినా నీరు ఎలా విషమవుతుందో తేలిగ్గా అర్థమవుతుంది. బెంగాల్ ఇసుకలో కిలోకు రెండు మిల్లీగ్రాముల ఆర్సెనిక్ ఉందనుకుందాం. భూమి పైపొరలోని సగటు కూడా ఇంచుమించు అంతే. రేణువుల మధ్య ఖాళీ మొత్తంలో నాలుగో వంతు ఉంటే, ఒక లీటరు భూగర్భ జలాన్ని మూడు లీటర్ల రేణువులు, అంటే సుమారు ఎనిమిది కిలోల ఇసుక చుట్టుకుని ఉంటుంది. ఆ ఇసుకలో ఉన్నది పదహారు మిల్లీగ్రాములు. అందులో నూటికి ఒక్క వంతు నీటిలోకి జారితే చాలు, లీటరుకు 160 మైక్రోగ్రాములవుతుంది. హద్దుకు పదహారు రెట్లు. కాబట్టి అడగవలసింది మట్టిలో ఎంత ఉందని కాదు, ఆ ఒక్క వంతును ఎవరు విడిపించారని.

మొదట్లో అనుమానం పైరైట్ మీద పడింది. అది ఇనుము, గంధకం కలిసిన ఖనిజం, అందులో కొంత ఆర్సెనిక్ దాగి ఉంటుంది. సాగు కోసం నీళ్లు విపరీతంగా తోడడంతో నీటిమట్టం దిగి, ఖాళీ అయిన పొరల్లోకి గాలి చొరబడి పైరైట్ విచ్ఛిన్నమైందని, దానితో ఆర్సెనిక్ బయటపడిందని వాదించారు. ప్రపంచంలో కొన్నిచోట్ల ఇలా జరుగుతుంది. థాయిలాండ్‌లో రోన్ ఫిబూన్ తగరపు గనుల ప్రాంతం అలాంటిదే. బెంగాల్‌లో మాత్రం నీరే ఈ వాదనకు అడ్డం తిరిగింది. పైరైట్ విచ్ఛిన్నమైతే దానిలోని గంధకం ఆక్సిజన్‌తో కలిసి, నీటిలో సల్ఫేట్ పెరగాలి. ఆర్సెనిక్ ఎక్కువున్న బెంగాల్ నీటిలో సల్ఫేట్ చాలా తక్కువ, ఆక్సిజన్ దాదాపు లేదు, కరిగిన ఇనుమూ బైకార్బనేటూ పుష్కలం. అంటే గాలి చొరబడడం వల్ల వచ్చిన విషం కాదు, గాలి అందకపోవడం వల్ల వచ్చింది. 1998లో నేచర్ పత్రికలో నిక్సన్, మెక్‌ఆర్థర్, తదితరులు ఈ దారినే చూపించారు. ఆర్సెనిక్‌ను పట్టి ఉంచింది తుప్పు, ఆ తుప్పు కరగడం వల్లే అది విడుదలైందని వారు చెప్పారు.

హిమాలయాల్లో రాళ్లు ఎండకు, వానకు, మంచుకు చితికినప్పుడు వాటిలోని ఇనుము గాలి తగిలి తుప్పుగా మారుతుంది. రసాయన శాస్త్రం దీన్ని ఐరన్ ఆక్సిహైడ్రాక్సైడ్ అంటుంది. ఇసుక రేణువు మీద ఇది పసుపు-గోధుమరంగు పూతలా పడుతుంది. పూత చాలా పలుచన, కాని దాని ఉపరితలం గరుకుగా, రంధ్రాలతో ఎంతో విశాలంగా ఉంటుంది. గాలి ఉన్నచోట ఆర్సెనిక్ ఆర్సెనేట్ రూపంలో ఉంటుంది. దాని మీద ఋణావేశం ఉంటుంది, తటస్థ నీటిలో తుప్పు ఉపరితలం మీద ధనావేశం. పైగా ఆర్సెనేట్ ఇనుముతో నేరుగా రసాయన బంధం కూడా కలుపుకుంటుంది. అందువల్ల రేణువుకు గట్టిగా అంటుకుపోతుంది. గంగ, బ్రహ్మపుత్ర ఇలా ఆర్సెనిక్ అంటిన పూతలున్న ఇసుకను, మట్టిని వేల సంవత్సరాలుగా మోసుకొచ్చి బంగాళాఖాతం తలాపున మేట వేశాయి. తుప్పు ఉన్నంతకాలం ఆర్సెనిక్ దాని దగ్గరే బందీ. నదుల నీటిలో ఆర్సెనిక్ చాలా తక్కువగా ఉండటానికి ఇదే కారణం.

ఈ మేటలతో పాటు ఆకులు, గడ్డి, చెట్ల వేళ్లు, చిత్తడినేలల మొక్కలు కూడా పూడిపోయాయి. ఇక్కడి నుంచి కథ బ్యాక్టీరియా చేతుల్లోకి వెళుతుంది.

ప్రాణికి శ్వాస అంటే ఆహారం నుంచి ఎలక్ట్రాన్లను లాగి వేరే పదార్థానికి అప్పగించి, మధ్యలో వచ్చే శక్తితో బతకడం. మనుషులు ఆ ఎలక్ట్రాన్లను ఆక్సిజన్‌కు ఇస్తారు. పూడిపోయిన మట్టిలో ఆక్సిజన్ త్వరగా అయిపోతుంది. అప్పుడు సూక్ష్మజీవులు దాని తర్వాత ఎక్కువ లాభమిచ్చే పదార్థాన్ని వెతుక్కుంటాయి. ముందు నైట్రేట్, తర్వాత మాంగనీస్ ఆక్సైడ్, ఆ తర్వాత ఐరన్ ఆక్సైడ్, దాని వెనుక సల్ఫేట్. అన్నీ అయిపోతే మీథేన్ పుట్టించే జీవుల వంతు. వరి మడిలో దిగిన ప్రతి రైతుకూ ఈ వరస తెలుసు, పేర్లే తెలియవు. నీళ్లు నిలగట్టిన కొద్ది రోజులకు పైన ఎర్రగా ఉన్న మట్టి లోపల నల్లబడుతుంది, కాలు దించితే కుళ్లు వాసన వస్తుంది, బుడగలు లేస్తాయి. ఆ నలుపు ఇనుము సల్ఫైడ్. బుడగల్లో మీథేన్ ఉంటుంది. బెంగాల్ భూగర్భంలో జరుగుతున్నది కూడా ఇదే. తేడా ఏమిటంటే అక్కడ మడి లోతు పదుల మీటర్లు, కాలం వేల సంవత్సరాలు.

తుప్పుతో శ్వాసించడం తేలిక పని కాదు. ఆక్సిజన్ కరిగి కణం లోపలికి వస్తుంది, తుప్పు గట్టి పదార్థం, రానేరాదు. కాబట్టి ఎలక్ట్రాన్‌నే కణం బయటికి పంపాలి. 1987లో అమెరికాలో పోటోమాక్ నది బురదలో డెరెక్ లవ్లీ బృందం కనుగొన్న జియోబాక్టర్ అనే బ్యాక్టీరియా ఈ పనిలో ఆరితేరింది. దాని పొరలో ఇనుము ఉన్న సైటోక్రోమ్ అనే ప్రోటీన్లు వరసగా అమరి ఉంటాయి. ఎలక్ట్రాన్లు ఒకదాని నుంచి మరొకదానికి చేతులు మారుతూ బయటికి వెళతాయి. అక్కడి నుంచి కరెంటు తీగలా పనిచేసే సన్నని పోగుల మీదుగా తుప్పును చేరుతాయి. షివానెల్లా అనే మరో జాతి వేరే ఉపాయం పన్నుతుంది. ఫ్లావిన్ అణువులను నీటిలోకి వదిలి, వాటితో ఎలక్ట్రాన్లను మోయిస్తుంది. ఆహారంగా దొరికే అసిటేట్ (వెనిగర్ ఆమ్లపు లవణ రూపం) అణువు ఒక్కదాన్ని పూర్తిగా కాలిస్తే ఎనిమిది ఎలక్ట్రాన్లు వస్తాయి. ఎనిమిది ఇనుప పరమాణువులు ఫెర్రిక్ రూపం నుంచి ఫెర్రస్ రూపానికి దిగుతాయి. ఫెర్రిక్ ఇనుము నీటిలో కరగదు, ఫెర్రస్ కరుగుతుంది. పూత కరిగిపోయి, బైకార్బనేట్ మిగులుతుంది. గ్లాసు అడుగున చేరిన ఎర్రమడ్డికీ, నీటి పరీక్షలో కనిపించే బైకార్బనేట్‌కూ మూలం ఇదే. జియోబాక్టర్‌కు ఆర్సెనిక్‌తో పనేమీ లేదు. అది ఊపిరి తీసుకుంటోంది, అంతే.

2004లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో జొనాథన్ లాయిడ్ బృందం నదియా జిల్లా నుంచి తెచ్చిన మట్టిని గాలి చొరని సీసాల్లో పెట్టి, బ్యాక్టీరియాకు ఆహారంగా అసిటేట్ వేసి చూసింది. ఆహారం దొరికిన సీసాల్లో ఇనుము కరిగింది, ఆర్సెనిక్ బయటపడింది. ఇందులో శ్రద్ధగా చూడవలసిన వివరం ఒకటి ఉంది. రెండూ ఒకేసారి రాలేదు. ముందు ఇనుము, ఆ తర్వాతే ఆర్సెనిక్. తుప్పు కరిగిన వెంటనే ఆర్సెనిక్ జారిపోతుందనే సులువైన చిత్రానికి ఇది సరిపడదు. పూతలో కొంత కరిగినా, మిగిలిన తుప్పు విడుదలైన ఆర్సెనేట్‌ను మళ్లీ పట్టుకుంటుంది. ఇనుముతో పని తగ్గాక మాత్రమే బ్యాక్టీరియా ఆర్సెనేట్ వైపు తిరిగి, దాన్ని ఆర్సెనైట్ అనే మరో రూపంలోకి మారుస్తాయి.

ఇక్కడ రెండు వేర్వేరు జీవక్రియలు పనిచేస్తాయి, రెంటినీ కలగలపడం పొరపాటు. కొన్ని బ్యాక్టీరియాకు ఆర్‌ అనే జన్యువుల జట్టు ఉంది. వాటితో అవి ఆర్సెనేట్‌ను ఆక్సిజన్‌కు బదులుగా వాడుకుని నిజంగానే శ్వాసిస్తాయి. కాలిఫోర్నియాలోని ఉప్పునీటి సరస్సు మోనో లేక్‌లో దొరికిన కొన్ని జాతులు ఇలా బతుకుతాయి. మిగతా ఎన్నో బ్యాక్టీరియాకు ఆర్స్ అనే మరో జట్టు ఉంది. ఆర్సెనేట్ చూడటానికి ఫాస్ఫేట్‌లాగే ఉంటుంది కాబట్టి పొరపాటున కణంలోకి జొరబడుతుంది. దాన్ని బయటికి తోసేయాలంటే ముందు ఆర్సెనైట్‌గా మార్చాలి, అప్పుడే కణపు తోడుయంత్రం దాన్ని బయట పారబోస్తుంది. అది శ్వాస కాదు, ఆత్మరక్షణ. ఏ పద్ధతిలోనైనా బయటికి వచ్చేది ఆర్సెనైటే. సాధారణ నీటిలో దానికి ఆవేశం ఉండదు. తుప్పు ఇంకా మిగిలిన చోట అది కూడా అంటుకుంటుంది, కాని బంకమట్టినీ అల్యూమినియం ఆక్సైడ్లనూ అంతగా పట్టించుకోదు. తుప్పు తరిగిపోయాక దానికి నిలవడానికి చోటు తక్కువ. పైగా ఆ చోటు కోసమే పోటీపడే ఫాస్ఫేట్, బైకార్బనేట్, సిలికా మిగిలిన కాస్త స్థలాన్నీ ఆక్రమిస్తాయి. మనిషి శరీరంలో కూడా రెండింటి దెబ్బా వేరు. ఆర్సెనేట్ ఫాస్ఫేట్ వేషంలో కణం శక్తి తయారుచేసుకునే పనిని చెడగొడుతుంది, ఆర్సెనైట్ ప్రోటీన్లలోని గంధకాన్ని పట్టుకుని వాటిని పనికిరాకుండా చేస్తుంది.

గంధకం నేల అడుగున కూడా ఒక పాత్ర వహిస్తుంది, కాని అక్కడ అది రక్షకుడు. నీటిలో సల్ఫేట్ తగినంత ఉన్నచోట దానితో శ్వాసించే బ్యాక్టీరియా సల్ఫైడ్‌ను పుట్టిస్తాయి. ఆ సల్ఫైడ్ ఇనుముతో కలిసి గట్టిపడుతూ ఆర్సెనిక్‌ను తనలో బంధిస్తుంది, కొన్నిచోట్ల మణిశిల లాంటి ఖనిజంగానే మారుస్తుంది. పాషాణం మళ్లీ రాయిగా మారిపోవడమన్నమాట. బెంగాల్ డెల్టాలోని తియ్యని నీటి పొరల్లో సల్ఫేట్ చాలా తక్కువ కావడంతో ఆ రక్షణ అంతగా అందలేదు.

ఇంతవరకూ శాస్త్రవేత్తల మధ్య పెద్దగా తగవు లేదు. తగవంతా బ్యాక్టీరియా తినే ఆహారం ఎక్కడి నుంచి వస్తోందనే దాని మీద. బంగ్లాదేశ్‌లోని మున్షీగంజ్‌లో చార్లెస్ హార్వీ బృందం 2002లో ఒక ప్రయోగం ప్రచురించింది. బావిలోకి మొలాసిస్, అంటే చక్కెర తయారీలో మిగిలే మడ్డి దించితే నీటిలో ఆర్సెనిక్ త్వరగా పెరిగింది. నైట్రేట్ దించితే తగ్గింది. ఇది ఎంత సూటిగా మాట్లాడే ప్రయోగమో చూడాలి. ఆహారం ఎక్కువైతే తుప్పు మీద దాడి ఎక్కువ, ఎలక్ట్రాన్లు తీసుకోవడానికి తుప్పు కంటే మంచి పదార్థం దొరికితే దాడి తక్కువ. దాని మీద ఆధారపడి ఈ బృందం, సాగుబోర్లు లాగే కొద్దీ చెరువుల అడుగున ఉన్న తాజా సేంద్రియ కార్బన్ భూగర్భంలోకి దిగుతోందని వాదించింది. వేలాది ఇళ్ల గచ్చులు ఎత్తు చేయడానికి మట్టి తవ్వగా ఏర్పడ్డ చెరువులవి. లండన్‌కు చెందిన మెక్‌ఆర్థర్ బృందం దీన్ని ఒప్పుకోలేదు. ఎప్పుడో పూడిపోయి సగం కుళ్లిన మొక్కల పొరలే (పీట్) ఆహారమని, చెరువులకు పాత్ర లేదని అది వాదించింది. రెండు వాదాలకూ క్షేత్రంలో సాక్ష్యాలున్నాయి. ఒకే డెల్టాలో ఒకచోట పీట్, మరోచోట పైనుంచి దిగే కార్బన్ పనిచేస్తూ ఉండవచ్చు. దీన్ని పండితుల వాదంగా పక్కన పెట్టడానికి వీల్లేదు. చెరువుల వల్లే అయితే సాగునీటి వాడకం మారితే విషం మారుతుంది. పీట్ వల్లే అయితే మనిషి ఏం చేసినా అది వేల ఏళ్లుగా సాగుతున్నదే.

ఒక ఇంటి బావిలో 300 మైక్రోగ్రాములు, పక్క ఇంటి బావిలో ఐదు. ఇంత తేడా ఎందుకు? ఇందుకు జవాబు నదుల పాత దారుల్లో ఉంది. సుమారు 20,000 ఏళ్ల క్రితం మంచుయుగం పతాక స్థాయిలో సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. నదులు లోతుగా కోసుకుంటూ పోయాయి. ఎత్తుగా మిగిలిన పాత ఇసుక వేల ఏళ్లు గాలికి ఆరుతూ, వానకు తడుస్తూ ఉండిపోయింది. సేంద్రియ పదార్థం చాలావరకు కాలిపోయింది, తుప్పు మాత్రం మిగిలింది. ఈ పాత ఇసుక గోధుమ, నారింజ రంగుల్లో ఉంటుంది. సముద్రం మళ్లీ లేచాక గత పదివేల ఏళ్లలో కొత్త ఒండ్రు ఆ లోయలను నింపింది. ఆహారంతో నిండిన ఈ కొత్త పొరల్లో బ్యాక్టీరియా తుప్పును తినేయగా మిగిలింది బూడిదరంగు ఇసుక. నది ఒకచోట తెగ్గోసి, మరోచోట మేట వేసి, ఇంకోచోట మట్టిపొర పరిచింది. అందుకే బూడిదరంగు, గోధుమరంగు పక్కపక్కనే, ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఎక్కువ విషం సాధారణంగా 15 నుంచి 40 మీటర్ల లోతులో కనిపిస్తుంది. తక్కువ ఖర్చుతో ఇంటివాళ్లు వేయించుకునే బోర్లు దిగేది కూడా సరిగ్గా అక్కడికే.

దీన్నిబట్టి పటం చూసి ఏ బావి మంచిదో చెప్పడం కుదరదు. ప్రతి బావినీ విడిగా పరీక్షించవలసిందే. 2000-2003 మధ్య బంగ్లాదేశ్‌లో సుమారు 50 లక్షల బావులను పరీక్షించి, మంచివాటికి ఆకుపచ్చ, చెడ్డవాటికి ఎరుపు రంగు వేశారు. దాదాపు 14 లక్షల బావులు ఎర్రబడ్డాయి. ఢాకా దగ్గర అరైహజార్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం బృందం సుమారు 6,000 బావులు చూస్తే సగం ప్రమాదకరంగా తేలాయి. అయితే చెడ్డ బావులు వాడేవారిలో పదిమందికి తొమ్మిదిమంది ఒక మంచి బావికి వంద మీటర్ల దూరంలోనే ఉన్నారు. సమస్యను పుట్టించిన అతుకులబొంత లాంటి నేలే తేలికైన పరిష్కారాన్నీ ఇచ్చింది. పక్కింటి బావికి నడవడమే అది. ఆ దూరాన్ని దాటించేది ఇరుగుపొరుగు మర్యాద, నీళ్లు మోసే ఆడవాళ్ల ఓపిక. తర్వాత కొత్తగా వేసిన బావులకు చాలావరకు ఏ రంగూ పడలేదు. అది క్షమించరాని అశ్రద్ధ. ఇదే ప్రాంతంలో దాదాపు 12,000 మందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2010లో వెలువడింది. ఆ ప్రజల మరణాల్లో సుమారు ఐదో వంతు, 10 మైక్రోగ్రాములు దాటిన నీటి వల్ల సంభవించినవే అని అది అంచనా వేసింది.

తెలుగు నేలల సంగతి వేరు. ఇక్కడి నీటి శాపం ప్రధానంగా ఫ్లోరైడ్. భారతదేశంలో ఎముకల ఫ్లోరోసిస్ గురించి తొలి నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. నల్గొండ కథ అందరికీ తెలిసిందే. అదీ మట్టిలోంచి వచ్చినదే, కాని దాని దారి పూర్తిగా వేరు. గ్రానైట్ రాయి నెమ్మదిగా కరగడం, నీటిలోని కాల్షియం సున్నంగా పేరుకుపోవడం, దానితో ఫ్లోరైడ్‌ను కట్టిపడేసేవాడు లేకపోవడం. ఇందులో బ్యాక్టీరియా శ్వాసకు ముఖ్యపాత్ర లేదు. ఒండ్రులో పుట్టిన ఆర్సెనిక్ సమస్య బెంగాల్‌తో పాటు బీహార్, ఉత్తరప్రదేశ్, అస్సాం గంగా-బ్రహ్మపుత్ర మైదానాలది. అయితే వరి అన్నం తినే ఎవరికైనా ఒక ముడి ఉంది. నీళ్లు నిలిచిన మడిలో తుప్పు కరిగి ఆర్సెనైట్ విడుదలవుతుంది. దాని అణువు సిలికా ఆమ్లం అణువులాగే తటస్థం, పరిమాణం కూడా దగ్గర. సిలికాను లోపలికి లాగడానికి వరి వేరు పెట్టుకున్న ద్వారం గుండానే ఆర్సెనైటూ చొరబడుతుంది. మడిని ఆరుతడి పద్ధతిలో మధ్యమధ్య ఆరనిస్తే గింజలో ఆర్సెనిక్ తగ్గుతుంది, అయితే కాడ్మియం ఉన్న నేలల్లో అది పెరిగే ప్రమాదం ఉంది. మంచినీళ్లు ఎక్కువ పోసి వండి గంజి వార్చే పాత అలవాటు కూడా అన్నంలోని ఆర్సెనిక్‌ను చెప్పుకోదగినంత తగ్గిస్తుంది. అదే విషపు నీటితో వండితే అన్నమే దాన్ని పీల్చుకుంటుంది.

నీటిని శుద్ధి చేసే పద్ధతుల్లో ఎక్కువ భాగం తుప్పుకున్న ఆ పట్టునే తిరిగి వాడుకుంటాయి. రసాయన శాస్త్రవేత్త అబుల్ హుస్సమ్ రూపొందించిన సోనో ఫిల్టర్‌లో ఇనుపరజను, ఇసుక, బొగ్గు పొరలుగా ఉంటాయి. ఇనుము తుప్పు పట్టి ఆర్సెనిక్‌ను పట్టుకుంటుంది. దీనికి 2007లో అమెరికా ఇంజినీరింగ్ అకాడమీ గ్రెయింజర్ బహుమతి వచ్చింది. ఆర్సెనైట్‌ను ముందు ఆర్సెనేట్‌గా మార్చుకోలేకపోయినా, నీటిలో ఫాస్ఫేట్ ఎక్కువున్నా వడపోత బలహీనపడుతుంది. చాలా ఊళ్లలో పెట్టిన పెద్ద యంత్రాలు నిర్వహణ లేక మూలపడ్డాయి. ఎక్కువమంది నమ్ముకున్న దారి 150 మీటర్లకు దిగువన ఉన్న పాత పొరల్లోకి లోతు బోర్లు. అక్కడ ఇంకా తుప్పు ఉంది. కాని ఆ పొరల నుంచి సాగుకు కూడా తోడితే పైన ఉన్న విషపు నీరు కిందికి దిగవచ్చు. వియత్నాంలో హనోయ్ నగరం దశాబ్దాలుగా తోడిన నీళ్లు పొరుగున వాన్ ఫుక్ గ్రామం కింద బూడిదరంగు పొరల్లోని నీటిని గోధుమరంగు పొరల్లోకి లాగాయి. నీరు దాదాపు రెండు కిలోమీటర్లు ప్రయాణించింది. ఆర్సెనిక్ మాత్రం సుమారు 120 మీటర్లే కదిలింది, ఎందుకంటే మిగిలిన తుప్పు దాన్ని అడుగడుగునా పట్టి నిలిపింది. ఇది ఊరటే, కాని అది నడుస్తూనే ఉంది.

చేత్తో గొట్టం దించే బోరు మేస్త్రీలు బంగ్లాదేశ్‌లో ఈ రసాయనం చదవకుండానే దాని ఫలితాన్ని చేతిలో పట్టుకుంటారు. వెదురు కట్టిన మీట మీద ఒకరు గొట్టాన్ని పైకీ కిందికీ ఆడిస్తారు. మరొకరు పైన కూర్చుని గొట్టం మూతిని అరచేత్తో లేచేటప్పుడు మూస్తూ, దిగేటప్పుడు తెరుస్తూ ఉంటారు. ప్రతి దెబ్బకూ మట్టినీళ్లతో పాటు ఇసుక ఎగిసి వచ్చి పక్కన కుప్ప పడుతుంది. మత్లబ్ ప్రాంతంలో శాస్త్రవేత్తలు ఈ మేస్త్రీలతో కలిసి పనిచేసి, ఇసుకను వారు నలుపు, తెలుపు, మసక తెలుపు, ఎరుపు అని నాలుగు రంగుల్లో గుర్తుపట్టడం చూశారు. ప్రతి రంగు ఇసుకలోని నీటిని పరీక్షిస్తే, నల్ల ఇసుక బావుల్లో ఆర్సెనిక్ ఎక్కువ, ఎర్ర, మసక తెలుపు ఇసుక బావుల్లో చాలా తక్కువ. ఆ నలుపు దగ్గరే గొట్టం ఆపేస్తే ఒక కుటుంబం ఏళ్ల తరబడి తాగేది ఆ నీళ్లే. ఇంకా కొన్ని గొట్టాలు కలిపి ఎర్ర ఇసుక తగిలేదాకా దిగితే, అక్కడ పదివేల ఏళ్లు పైబడిన తుప్పు ఇంకా తన పట్టు విడవలేదు.